గేటు లోపలి నీళ్లు

“మేడమ్, ల్యాబ్‌లో ఒక అమ్మాయి పడిపోయింది” అంటూ అటెండర్ పరుగున వచ్చేసరికి నేను స్టాఫ్ రూమ్‌లో నీళ్లు తాగుతున్నాను. అప్పుడే సీలు తీసిన లీటరు బాటిల్ అది. దాన్ని అలాగే చేతపట్టుకొని పరుగెత్తాను. మార్చి చివరి వారం, మధ్యాహ్నం రెండు గంటల వేళ. ప్రాక్టికల్ పరీక్షలకు పిల్లలు సిద్ధమవుతున్న రోజులు. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఆ విద్యార్థిని అప్పటికి తెలివి తెచ్చుకొని, గోడకు ఆనుకొని కూర్చుంది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నా చేతిలోని బాటిల్ అందిస్తే ఆపకుండా సగానికి పైగా తాగేసింది.

నాచారంలో ఒక చిన్న క్లినిక్‌కు తీసుకెళ్లాం. “పొద్దున్నుంచి ఎన్ని నీళ్లు తాగావమ్మా?” అని డాక్టరమ్మ అడిగితే ఆ అమ్మాయి తల దించుకుంది. పరీక్ష చేయిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్లు తేలింది. “ఇది ఒక్క రోజులో వచ్చింది కాదు. ఈ పిల్ల చాలా కాలంగా చాలినన్ని నీళ్లు తాగడం లేదు” అన్నారు ఆవిడ.

తిరిగి వస్తూ ఆటోలో మెల్లగా అడిగాను. ఘట్‌కేసర్ దాటి ఉన్న ఊరు నుంచి ఉదయం ఏడు గంటలకే బయలుదేరుతుందట. ఇంటి నుంచి తెచ్చుకునే అర లీటరు నీళ్లు మొదటి రెండు క్లాసులకే అయిపోతాయట. తోటి పిల్లలు క్యాంటీన్‌లో 20 రూపాయల బాటిల్ కొనుక్కుంటారు. “నాన్న రంగులు వేసే పనికి పోతారు మేడమ్. రోజూ ఇరవై రూపాయలు ఎట్లా అడగను? స్నేహితులను రోజూ నీళ్లు అడగాలన్నా సిగ్గే” అంది.

“మరి కారిడార్‌లో కుళాయి ఉంది కదమ్మా?”

ఆ అమ్మాయి నా వైపు చూసి, “ఆ కుళాయి మీరు ఎప్పుడన్నా చూశారా మేడమ్?” అని అడిగింది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

నేను చూడలేదు. ఉప్పల్ దగ్గరి ఆ కళాశాలలో రసాయన శాస్త్రం బోధించడం మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లలో ఒక్క గుక్క కూడా ఆ కుళాయి నీరు తాగి ఎరుగను. అధ్యాపకుల కోసం స్టాఫ్ రూమ్‌లో 20 లీటర్ల క్యాన్ ఉండేది, అది అయిపోతే బాటిళ్లు వచ్చేవి. అంతకంటే సిగ్గుపడవలసిన సంగతి మరొకటి ఉంది. ప్రతి ఏడాదీ నీటి కాఠిన్యతను కొలిచే ప్రయోగం పిల్లల చేత చేయిస్తాను. నమూనాగా పట్టేది ఆ కుళాయి నీళ్లే. అందులో కాల్షియం ఎంత, మెగ్నీషియం ఎంత అని లెక్క కట్టించి మార్కులు వేశాను. ఆ నీరు పిల్లలు తాగవచ్చా అనే ప్రశ్న మాత్రం నాకు తోచలేదు.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు కోసం వుజూ చేయడానికి కుళాయి విప్పాను. ధార ధారాళంగా పడుతోంది. మహాప్రవక్త (సల్లం) ఒక ముద్ నీటితో వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అది నేటి కొలతలో లీటరుకు తక్కువే. నా ఎదుట అంతకు ఎన్నో రెట్లు నీరు కాలువలోకి పోతుంటే, నా దగ్గర చదువుకునే బిడ్డ దాహంతో పడిపోయింది. దైవం ఇచ్చిన అనుగ్రహాలను గురించి విచారణ జరిగే రోజున ఈ నీటికి నేను ఏమని లెక్క చెప్పుకోవాలి?

మరునాడు ఆ కుళాయి దగ్గరికి వెళ్లాను. అది మరుగుదొడ్ల గోడకు ఆనుకొని ఉంది. కింద పాచి పట్టిన తొట్టి, దానిలో ఎవరో పారబోసిన అన్నం మెతుకులు. గొలుసు కట్టిన గ్లాసు ఒకటి ఉండేదట, ఇప్పుడు గొలుసే మిగిలింది. ఆడపిల్లలు అక్కడికి వచ్చి దోసిలి పట్టి తాగాలి. ‘ఇప్పటి పిల్లలకు బాటిల్ నీళ్లు ఫ్యాషనైపోయాయి’ అని స్టాఫ్ రూమ్‌లో ఎన్నిసార్లు అనుకున్నామో గుర్తొచ్చింది. పిల్లలు ఫ్యాషన్ కోసం కొనలేదు. మేము వాళ్లకు వేరే దారి ఉంచలేదు.

నీటి మీద అనుమానాన్ని నేను తేలిగ్గా తీసిపారేయలేను. మా నానీ ఊరు నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతంలోది. అక్కడి బావి నీటిలోని ఫ్లోరైడ్ ఆమె ఎముకల్లోకి దిగిపోయింది. చివరి రోజుల్లో మోకాళ్లు వంగక, కుర్చీ మీద కూర్చునే నమాజు చేసేది. మరిగించినా పోని విషం అది. ఇక మేము పెరిగింది నాచారం పారిశ్రామికవాడ పక్కన. అక్కడ బోరు నీళ్లు నోట పెట్టుకోవడానికి జనం భయపడేవారు. ట్యాంకర్ హారన్ వినబడితే అమ్మీ బిందెలతో పరుగెత్తేది. తెచ్చిన నీటిని గుడ్డతో వడగట్టి రంజన్‌లో పోసేది. ఇంటి ముందు నుంచి పోయే కూలీ ఎవరైనా నీళ్లడిగితే ఆ రంజన్‌లో నుంచే ముంచి ఇచ్చేది. ఒక్క చెంబును కూడా దాహంతో ఉన్నవారికి లేదనగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆ రోజులు మారాయి. నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి నగరానికి చేరుతున్నాయి. గృహాలకు నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. అంతే నీటిని లీటరు 20 రూపాయల చొప్పున బాటిళ్లలో కొంటే 4 లక్షల రూపాయలవుతుంది. ఒకవైపు ఉచితంగా వచ్చే నీరు, మరోవైపు అంత ధర పెట్టి కొనే నీరు. ఈ రెంటి మధ్య ఉన్నదల్లా నమ్మకం. ఆ నమ్మకం ఎక్కడ పోయిందో వెతకాలనుకున్నాను.

ప్రిన్సిపాల్ గారి అనుమతి తీసుకొని, ఆరుగురు విద్యార్థులతో కలిసి మూడు చోట్ల నీళ్లు పట్టాం. మొదటిది, జలమండలి పైపు మా సంపులో పడే చోటు. రెండోది, మేడ మీది ట్యాంకు. మూడోది, కారిడార్ కుళాయి. క్లోరిన్ మిగిలి ఉందో లేదో చూడటానికి రంగు మారే పరీక్ష చేశాం. కుళాయి చివరన కూడా లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారత ప్రమాణం చెబుతోంది. క్రిముల జాడ కోసం హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసాల్లో నీళ్లు నింపి పెట్టాం. మలమూత్రాల ద్వారా చేరే క్రిములుంటే ఒకటి రెండు రోజుల్లో ఆ నీళ్లు నల్లబడతాయి.

పైపు నీటిలో క్లోరిన్ ఉన్నట్లు పసుపు రంగు వచ్చింది. దాని సీసా నల్లబడలేదు. ట్యాంకు నీటిలో రంగే రాలేదు. రెండో రోజు ఉదయానికి ట్యాంకు సీసా, కుళాయి సీసా బొగ్గులా నల్లగా మారాయి. విద్యార్థుల్లో ఒకడు ఆ మూడు సీసాలనూ వరుసగా పెట్టి, “మేడమ్, నీళ్లు గేటు దాకా బాగానే వచ్చినై. ఖరాబైంది మన దగ్గరనే” అన్నాడు.

మేడ ఎక్కి చూస్తే ట్యాంకు మూత సగం విరిగి ఉంది. లోపల పావురాల ఈకలు, అడుగున చేతి మందాన బురద. ఎప్పుడు కడిగారో చెప్పగలిగినవారు కళాశాలలో ఒక్కరూ లేరు. నగరం నీళ్లు మంచివి కావని ఇన్నేళ్లూ నిందించాం. తప్పు మా గేటు లోపలే ఉంది.

అదే సమయంలో మదీనా చరిత్రలోని ఒక ఘట్టం నా మనసులో పదే పదే మెదిలింది. ముస్లింలు వలస వచ్చినప్పుడు అక్కడ తియ్యటి నీరున్న రూమా బావి ఒక వ్యక్తి సొంతం. డబ్బు లేనివారికి ఆ నీళ్లు దక్కేవి కావు. ఆ బావిని కొని ప్రజలకు విడిచిపెట్టేవారికి స్వర్గ శుభవార్త ఉందని దైవప్రవక్త (సల్లం) ప్రోత్సహించగా, హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొంత ధనంతో కొని అందరికీ అంకితం చేశారు. తన బొక్కెనను కూడా అందరి బొక్కెనల్లో ఒకటిగానే ఉంచుకున్నారు. ఈ ఘట్టాన్ని చిన్నప్పటి నుంచి దానగుణానికి ఉదాహరణగానే విన్నాను. ఇప్పుడు ఆ బొక్కెన సంగతి నన్ను నిలదీసింది. ఆయన చేతిలో డబ్బుంది. తన ఇంటికి కావలసిన నీళ్లు తాను కొనుక్కొని ఊరుకోవచ్చు. ఆయన అలా చేయలేదు. మేమందరం చేసింది మాత్రం సరిగ్గా అదే. కొనగలిగినవాళ్లం మా నీళ్లు మేము కొనుక్కున్నాం. దానితో ఆ కుళాయి బాగుండాలని అడిగే గొంతు లేకుండా పోయింది. అడగలేని పిల్ల దాహంతో మిగిలిపోయింది.

వేసవి సెలవుల్లో పని మొదలైంది. ట్యాంకును, సంపును ఖాళీ చేయించి, రుద్ది కడిగించి, బ్లీచింగ్ పౌడర్‌తో శుద్ధి చేయించాం. మూతలు మార్పించాం. కుళాయిని మరుగుదొడ్ల దగ్గర నుంచి తీసి లైబ్రరీ వరండాలోకి తెచ్చాం. నాలుగు కుళాయిలున్న స్టీలు డ్రమ్ము, పక్కన చల్లని నీళ్ల కోసం రెండు రంజన్లు. బాటిల్ నింపుకోవడానికి వీలుగా కుళాయిలను కాస్త ఎత్తులో బిగించాం. గోడ మీద ఒక పలక పెట్టి ట్యాంకు కడిగిన తేదీ, నీటి పరీక్ష తేదీ, ఫలితం రాశాం.

క్యాంటీన్‌లో బాటిళ్ల అమ్మకం నిషేధిద్దామని కొందరు అధ్యాపకులు సూచించారు. నేను ఒప్పుకోలేదు. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయం 2013 జనవరిలో తన ప్రాంగణంలో నీళ్ల బాటిళ్ల అమ్మకాన్ని నిలిపివేసింది. ఫలితాన్ని పరిశీలించిన అధ్యయనం 2015లో వెలువడింది. ప్రాంగణంలోకి వచ్చే బాటిళ్ల సంఖ్య తగ్గకపోగా పెరిగింది. నీళ్లు దొరకని చోట విద్యార్థులు చక్కెర పానీయాలు కొన్నారు. మరోవైపు ఒడిశాలోని పూరీ నగరం 2021 జూలైలో నగరమంతటా కుళాయి నుంచే నేరుగా తాగదగిన నీటిని రోజంతా అందించే ఏర్పాటు చేసింది. ముందు మంచి నీళ్లు అందుబాటులో ఉంచితే బాటిల్ అవసరం తనంతట తానే తగ్గుతుంది. మన దేశంలో 2022 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన ప్లాస్టిక్ నిషేధంలో స్ట్రాలు, కప్పులు, ప్లేట్లు ఉన్నాయి గాని నీళ్ల బాటిళ్లు లేవు. కాబట్టి ఈ పని చట్టం కోసం ఎదురుచూసేది కాదు.

క్యాంటీన్ నడిపే పెద్దమనిషి మొదట ముఖం ముడుచుకున్నారు. బాటిళ్ల మీద వచ్చే నాలుగు రూపాయలూ ఆయన జీవనోపాధే కదా. ఆయనతో కూర్చొని మాట్లాడాం. ఆ జూన్ నుంచి మజ్జిగ, నిమ్మరసం స్టీలు గ్లాసుల్లో అమ్మడం మొదలుపెట్టారు. ఒకరికి మేలు చేయబోయి మరొకరి కడుపు కొట్టకూడదన్న జాగ్రత్త మాకు ఆ విధంగా అలవడింది.

అన్నీ అమర్చినా, కళాశాల తెరిచిన మొదటి వారంలో ఆ కుళాయి దగ్గరికి ఎవరూ రాలేదు. “మందు వాసన వస్తుంది మేడమ్” అన్నారు. ఆ వాసన క్లోరిన్‌దని, అది ఉండటమే క్షేమమని, కాసేపు రంజన్‌లో ఉంచితే తగ్గిపోతుందని చెప్పాను. ఇంకొక అమ్మాయి, తమ ఇంట్లో ఫిల్టర్ అమ్మడానికి వచ్చిన మనిషి రెండు గ్లాసుల్లో కరెంటు తీగలు పెట్టి చూపించాడని, కుళాయి నీళ్లు గోధుమ రంగుకు తిరిగాయని చెప్పింది. ఆ ప్రయోగాన్ని ల్యాబ్‌లో అందరి ముందు చేశాం. ఆ రంగు నీటిలోని మురికి కాదు, కరిగిపోతున్న ఇనుప కడ్డీది. లవణాలున్న నీటిలో విద్యుత్తు పారి ఇనుము కరుగుతుంది. లవణాలు తీసేసిన నీటిలో కరెంటు సరిగా పారదు, అందుకే తేటగా ఉంటుంది. తేటదనానికీ క్రిములు లేకపోవడానికీ సంబంధం లేదు. అలాగే బాటిల్ మీది అక్షరాలు చదివించాను. పిల్లలు మినరల్ వాటర్ అని పిలిచే వాటిలో చాలా వాటి మీద ఉన్నది ప్యాకేజ్డ్ డ్రింకింగ్ వాటర్ అనే మాటే. సహజ మినరల్ వాటర్‌కు ప్రమాణం వేరు. అమెరికా శాస్త్రవేత్తలు 2024 జనవరిలో ప్రకటించిన పరిశోధనలో, అక్కడి బాటిల్ నీటిలో లీటరుకు సగటున సుమారు 2,40,000 అతి సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు కనబడ్డాయని కూడా చెప్పాను.

పిల్లలు విన్నారు, తలలూపారు. క్యాంటీన్‌కే వెళ్లారు.

మార్పు వచ్చింది నా పాఠాలతో కాదు. ఆ సోమవారం నుంచి నేను స్టాఫ్ రూమ్‌లో నీళ్లు తాగడం మానేశాను. ఇంటర్వెల్‌లో స్టీలు బాటిల్ పట్టుకొని, పిల్లల మధ్య వరుసలో నిలబడి, ఆ కుళాయి నీళ్లే పట్టుకొని అక్కడే కూర్చొని తాగాను. వారం తిరిగేసరికి మరో ఇద్దరు అధ్యాపకులు వచ్చారు. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు కూడా వచ్చి గ్లాసు నింపుకున్నారు. వచ్చే నెల నుంచి స్టాఫ్ రూమ్ క్యాన్ కూడా వద్దన్నారు. ఆ తర్వాతే పిల్లలు రావడం మొదలైంది. మా బొక్కెన వాళ్ల బొక్కెనల్లో ఒకటైన రోజున వాళ్లు ఆ నీళ్లను నమ్మారు.

కథ అక్కడితో సుఖాంతమైందని చెబితే అబద్ధమవుతుంది. ఆగస్టు వానల్లో పరీక్ష సీసా మళ్లీ నల్లబడింది. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. చెబితే ఇంత కష్టపడి తెచ్చిన నమ్మకం పోతుంది, చెప్పకపోతే అది మోసం. మరునాడు ఉదయమే కుళాయిలు కట్టేసి, కారణం పలక మీద రాశాం. జలమండలి వారి 155313 నంబరుకు ఫోన్ చేస్తే సిబ్బంది వచ్చి చూశారు. వీధి పైపు బాగానే ఉంది. మా సంపుకు వచ్చే పైపు అతుకు దగ్గర పగిలి, పక్కనున్న మురుగు కాలువ నీరు అందులోకి ఊరుతోంది. మరమ్మతు చేయించి, మళ్లీ కడిగించి, రెండుసార్లు పరీక్షించిన తర్వాతే తెరిచాం. ఆ వారం రోజులూ పిల్లలు బాటిళ్లే కొన్నారు. కొనలేని పిల్లల కోసం కళాశాల ఖర్చుతో క్యాన్లు తెప్పించాం. కుళాయి తెరిచిన రోజున ముందుకంటే ఎక్కువ మంది వచ్చారు. “చెడ్డగైతే మీరే చెప్తరు కదా మేడమ్” అంది ఒక అమ్మాయి.

బాటిల్ నీళ్లను నేను శత్రువుగా చూడటం లేదు. 2020 అక్టోబరు వరదల్లో ఉప్పల్, రామంతాపూర్ కాలనీలు మునిగినప్పుడు ఎన్నో కుటుంబాల దాహం తీర్చినవి ఆ బాటిళ్లే. ఆపద వేళకు అది మంచి సాధనం. ప్రతిరోజూ అదే ఆధారమైతే మాత్రం, మన మధ్య ఉన్న ఉమ్మడి కుళాయి ఎండిపోతుంది.

ఈ మాట మన ఇళ్లకూ వర్తిస్తుంది. గత రమజాన్‌లో మా వీధి మసీదులో ఇఫ్తార్ తర్వాత సుఫ్రా ఎత్తుతున్నప్పుడు రెండు గుక్కలు తాగి వదిలేసిన బాటిళ్లు గోనె సంచుల కొద్దీ వచ్చాయని మావారు చెప్పారు. రోజంతా దాహం విలువ తెలుసుకున్న మనమే, మగ్రిబ్ అజాన్ వినబడిన పావుగంటకు దాన్ని మరచిపోతున్నాం. వలీమా విందుల్లోనూ అదే తంతు. పిల్లలకు దుబారా గురించి ఎన్ని హితవులు చెప్పినా, వాళ్లు నేర్చుకునేది మనం వదిలేసిన సగం బాటిల్ నుంచే. ఈ ఏడాది మసీదు కమిటీ వారితో మావారు మాట్లాడి, డ్రమ్ములు, కడిగి వాడే గ్లాసులు పెట్టించారు. గ్లాసులు కడిగే బాధ్యతను మా అబ్బాయి, వాడి స్నేహితులు తీసుకున్నారు.

తల్లులకు, తండ్రులకు ఒక విన్నపం. మీ బిడ్డ కళాశాలకు వెళ్లేటప్పుడు చేతికి స్టీలు బాటిల్ ఇవ్వండి, మంచిదే. దానితో పాటు ఒక ప్రశ్న కూడా అడగండి: “అక్కడ ఆ బాటిల్‌ను మళ్లీ ఎక్కడ నింపుకుంటావు?” జవాబు లేకపోతే ఒకసారి కళాశాలకు వెళ్లి ఆ కుళాయిని చూడండి. ట్యాంకు ఎప్పుడు కడిగారని మర్యాదగా అడగండి. ముఖ్యంగా ఆడపిల్లలు మరుగుదొడ్డి బాగాలేదని నీళ్లు తాగడమే మానేస్తుంటారు. సిగ్గుపడి చెప్పరు. మనమే అడగాలి. ఇంట్లోని ట్యాంకు మూత కూడా ఈ శుక్రవారమే తీసి చూడండి.

మా అమ్మీ పోయి నాలుగేళ్లయింది. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) తన తల్లి మరణించినప్పుడు ఆమె తరఫున ఏ దానం శ్రేష్ఠమని అడగగా, నీళ్లు అందించడమని దైవప్రవక్త (సల్లం) సెలవిచ్చారు. ఆయన తల్లి పేరున బావి తవ్వించారు. బావి తవ్వించేంత స్థోమత నాకు లేదు. లైబ్రరీ వరండాలోని రెండు రంజన్లూ అమ్మీ తరఫున నేను కొన్నవి. వాటి మీద పేరు రాయించలేదు. ఆనాడు ల్యాబ్‌లో పడిపోయిన అమ్మాయి ఇప్పుడు చివరి సంవత్సరంలో ఉంది. పరీక్ష సీసాలు నింపి, పలక మీద తేదీ రాసే బాధ్యత ఆమెదే. ఎండ వేళ ఆమె రంజన్‌లో నుంచి నీళ్లు ముంచి స్నేహితురాలికి అందిస్తుంటే, మా వాకిట్లో నిలబడ్డ కూలీకి చెంబు అందిస్తున్న అమ్మీ నాకు గుర్తొస్తుంది.

మన చేతిలో ఉన్న నీళ్లు మనకు మాత్రమే కాదని గుర్తుంచుకొనే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.